మార్చిన హెడ్ గ్యాస్కెట్ మళ్లీ ఎందుకు పోయింది? ఒక కేస్ స్టడీ

ఈ కారుకు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ కింది భాగమైన బ్లాకుకూ, పైన మూతలా కూర్చునే హెడ్డుకూ మధ్య ఉండే సీలు) అప్పటికే ఒకసారి మార్చారు, వేరే వర్క్‌షాప్‌లో. ట్రాఫిక్‌లో ఇంజిన్ బాగా హీట్ ఎక్కి ఆగిపోతే హెడ్డు దించి, కొత్త గ్యాస్కెట్ వేసి ఇచ్చారు. కొన్ని నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత కూలెంట్ కొద్దికొద్దిగా తగ్గడం మొదలైంది. బయట ఎక్కడా కారడం లేదు, బండి కింద తడి లేదు. ఓనరు పోసుకుంటూ వచ్చారు. మధ్యలో రేడియేటర్ మూత మారింది, హోస్ పైపులు మారాయి, వాటర్ పంపు కూడా మారింది. ఆఖరికి ఎవరో చెబితే లీకు ఆపే మందు ఒక సీసా పోశారు. తగ్గడం ఆగలేదు సరికదా, హీటర్ కూడా సరిగా వేడి ఇవ్వడం మానేసింది.

బండి నా దగ్గరికి వచ్చేసరికి ఇంకో లక్షణం తోడైంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే మొదటి అర నిమిషం మిస్సింగ్ కొడుతుంది, ఇంజిన్ వణుకుతుంది, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ వస్తుంది. తర్వాత అంతా మామూలే. డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది.

ఇంజిన్ సంగతి: 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్, టర్బో లేదు. బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. టైమింగ్ చైన్. గ్యాస్కెట్ పలుచటి స్ప్రింగ్ స్టీలు రేకులు పొరలుగా పేర్చి, పైన రబ్బరు పూత వేసిన రకం. ఇప్పుడొచ్చే ఇంజిన్లలో ఎక్కువగా వాడేది ఇదే, దీన్నే ఎమ్ఎల్ఎస్ (మల్టీ లేయర్ స్టీల్) అంటారు.

ఓనరు అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఆయిల్ శుభ్రంగానే ఉందండీ. గ్యాస్కెట్ పోతే ఆయిల్ పాలలా తెల్లబడాలి కదా? అందరూ చూసి గ్యాస్కెట్ కాదన్నారు."

న్యాయమైన ప్రశ్నే. ఆ ఒక్క గుర్తు మీద ఆధారపడి చాలా బండ్లను తప్పుదారి పట్టిస్తారు కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

లీకు ఏ దారిలో

హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉన్న ఆ ఒక్క రేకు మూడింటిని వేరుగా ఉంచాలి: సిలిండర్‌లో మండే గ్యాసు, చుట్టూ తిరిగే కూలెంట్, పైకెళ్లి కిందికి దిగే ఆయిల్. వీటిలో ఏ రెండూ కలవకూడదు, ఏదీ బయటికి రాకూడదు. పక్క సిలిండర్ల గ్యాసులు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోకూడదు. అంటే గ్యాస్కెట్ పాడవడానికి దారులు చాలా ఉన్నాయి. కూలెంట్, ఆయిల్ కలిసే దారి తెరుచుకుంటేనే ఆయిల్ తెల్లబడుతుంది. మిగతా దారుల్లో ఆయిల్‌కు ఏమీ కాకపోవచ్చు.

రివర్స్‌లో కూడా పొరపాటు జరుగుతుంది. ఆయిల్ మూత కింద తెల్లటి నురగ కనిపించగానే గ్యాస్కెట్ పోయిందని తీర్మానించేస్తారు. చలికాలంలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా చిన్న చిన్న దూరాలు మాత్రమే తిరిగే బండ్లలో లోపలి తేమ చల్లటి మూత కింద చేరి అలా నురగ కడుతుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఇంకోటి, ఆయిల్ కూలర్ లోపల పగిలినా ఆయిల్, కూలెంట్ కలుస్తాయి. హెడ్డు దించాక ఆ సంగతి తెలిస్తే చాలా ఇబ్బందిగా ఉంటుంది.

ఈ బండి లక్షణాలు మాత్రం సిలిండర్‌కూ కూలెంట్‌కూ మధ్య దారినే చూపిస్తున్నాయి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సిలిండర్‌లో మంట అంటుకున్న క్షణంలో పీడనం లోడ్ మీద 50 బార్ దాటుతుంది. కూలెంట్ వైపు ఉండేది మహా అయితే ఒక బార్ పైచిలుకు. కాబట్టి గ్యాసు కూలెంట్‌లోకి దూరుతుంది, ఆ పీడనానికి కూలెంట్ మూత గుండా బయటికి పోతుంది. ఇంజిన్ ఆపాక పరిస్థితి తిరగబడుతుంది. సిలిండర్ ఖాళీ, కూలెంట్‌లో ఇంకా పీడనం మిగిలి ఉంది. ఇప్పుడు కూలెంట్ నెమ్మదిగా సిలిండర్‌లోకి ఊరుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఆ సిలిండర్ ప్లగ్గు తడిసి మిస్సింగ్ కొడుతుంది, ఆ నీరు ఆవిరయ్యాక సర్దుకుంటుంది. అర నిమిషం వణుకు, తెల్ల పొగ, తగ్గే కూలెంట్, శుభ్రమైన ఆయిల్: నాలుగూ ఒక్క దారిలోనే అతుకుతున్నాయి.

అతకడం వేరు, రుజువు కావడం వేరు.

రుజువు

రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద మొదటి పరీక్షకు పరికరమే అక్కర్లేదు. స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పైపును చేత్తో పట్టుకుంటే చాలు. థర్మోస్టాట్ తెరుచుకోకముందే, ఇంకా చల్లగా ఉండగానే పైపు గట్టిపడితే లోపలికి గ్యాసు వస్తున్నట్టే. కూలెంట్ వ్యాకోచించి పీడనం పెంచడానికి అంత తొందరగా వీలుకాదు. ఇంజిన్ వేడెక్కాక పైపు గట్టిగా ఉండటం మాత్రం మామూలే, దాన్ని చూసి భయపడకూడదు. ఈ బండిలో ఒక నిమిషం లోపే పైపు బిగిసిపోయింది.

తర్వాత కెమికల్ టెస్ట్. గాజు గొట్టంలో నీలం ద్రావణం పోసి, రేడియేటర్ మూతి మీద పెట్టి, లోపలి ఆవిరిని దాని గుండా పీలుస్తాం. కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం పోయి పసుపు వస్తుంది. ముందే కూలెంట్ మట్టం కొంచెం తగ్గించుకోవాలి. కూలెంట్ చుక్క ద్రావణంలోకి వస్తే టెస్ట్ పాడైపోతుంది. డీజిల్ ఇంజిన్‌కు ఇది అంత స్పష్టంగా పలకదు, ఐడిల్‌లో డీజిల్ పొగలో కార్బన్ డయాక్సైడ్ పాలు తక్కువ. ఇక్కడ పెట్రోల్ కాబట్టి రంగు ఖచ్చితంగా మారింది, పసుపు.

ఏ సిలిండరో తెలియాలి. కంప్రెషన్ టెస్ట్ చేస్తే నాలుగు సిలిండర్లూ దాదాపు ఒకేలా వచ్చాయి, మూడోది 0.4 బార్ తక్కువ, అంతే. ఈ అంకెలు చూసి గ్యాస్కెట్ బాగుందని చెప్పేవాళ్లుంటారు. సన్నటి లీకును కంప్రెషన్ టెస్ట్ పట్టుకోలేదు, స్టార్టర్ వేగంలో కూడా గాలి లీకయ్యేందుకు దొరికే సమయం చాలా తక్కువ. లీక్‌డౌన్ టెస్ట్ దీనికి సరైనది. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ చివర టీడీసీకి, అంటే అది చేరే అన్నిటికంటే పై చోటికి తెచ్చి, క్రాంక్ తిరగకుండా ఆపి, ప్లగ్గు రంధ్రం గుండా గాలి ఎక్కించి ఎంత శాతం పోతోందో, ఎటు పోతోందో చూడటం. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లలో 10 శాతం లోపు, పిస్టన్ రింగుల గుండా పోయే మామూలు గాలి. మూడో సిలిండర్‌లో 24 శాతం, రేడియేటర్ మూతిలో బుడగలు.

ప్లగ్గులు తీసినప్పుడే ఇంకో సాక్ష్యం దొరికింది. మూడో ప్లగ్గు మిగతావాటి కంటే తెల్లగా ఉంది. బోరోస్కోప్ (సన్నటి గొట్టం కెమెరా) దింపి చూస్తే మిగతా మూడు పిస్టన్ల నెత్తిన మసి, మూడోదాని నెత్తి అంట్లు తోమినట్టు తళతళలాడుతోంది. కూలెంట్ ఆవిరై మసిని కడిగేస్తే అలా అవుతుంది.

ఇంత తేలినా ఒక విషయం ఇంకా తేలదు: గ్యాస్కెట్ పోయిందా, హెడ్డే పగిలిందా? రెండింటికీ ఈ పరీక్షలన్నీ ఒకే జవాబు ఇస్తాయి. దించి చూస్తే గానీ తెలియదు. ఈ మాట ఓనరుకు పని మొదలుపెట్టకముందే చెప్పాను. హెడ్డు దించాక చెబితే అది వేరేలా వినిపిస్తుంది.

దించే ముందే ఒక అనుమానం

మొదటిసారి ఇంజిన్ ఎందుకు హీట్ ఎక్కిందో ఎవరూ చూసినట్టు లేదు. గ్యాస్కెట్ దానంతటది ఊరికే పోవడం అరుదు. ఏదో ఒకటి దాన్ని చంపుతుంది, అది ఇంజిన్ బయటే ఉండొచ్చు. హెడ్డు దించేస్తే ఆ పరీక్ష చేసే అవకాశం పోతుంది. అందుకని కూలెంట్ నింపి, స్కానర్ (ఇంజిన్ కంప్యూటర్ అంకెలు చదివే పరికరం) తగిలించి, ఏసీ వేసి, బండిని నిలబెట్టి నడిపించాను.

ఫ్యాన్ రెండు వేగాలది. నెమ్మది వేగం ఒక రెసిస్టర్ గుండా పనిచేస్తుంది. కూలెంట్ 96 డిగ్రీలు దాటింది, ఫ్యాన్ తిరగలేదు. 100, 104, 107. అప్పుడు పెద్ద వేగం ఒక్కసారిగా అందుకుంది. కాసేపటికి చల్లారింది, ఆగింది, మళ్లీ అదే ఎక్కడం. రెసిస్టర్ కాలిపోయింది. రోడ్డు మీద వెళ్తుంటే గాలి తగులుతుంది కాబట్టి తెలియదు. ఆగి ఆగి కదిలే చోట ప్రతి కొన్ని నిమిషాలకూ ఇంజిన్ ఇలా ఎక్కి దిగుతూ ఉంటుంది.

ఇంత జరుగుతుంటే డాష్‌బోర్డు ముల్లు ఎక్కడుందంటే, మధ్యలో. చాలా కార్లలో ఆ ముల్లును సాఫ్ట్‌వేర్ కావాలనే కదలనివ్వదు. సుమారు 75 నుంచి 105 దాకా ఎంత ఉన్నా మధ్యలోనే చూపిస్తుంది, డ్రైవరు ఊరికే టెన్షన్ పడకుండా. ఆ హద్దులు బండిని బట్టి మారతాయి. కూలెంట్ బాగా తగ్గి సెన్సర్ చుట్టూ ఆవిరి మాత్రమే మిగిలితే ఇంకా ఘోరం. ఇంజిన్ కాలిపోతున్నా సెన్సర్ తక్కువ చూపించగలదు. "గేజ్ ఎప్పుడూ పెరగలేదు" అనే మాటకు నా దగ్గర విలువ లేదు. స్కానర్‌లో కనిపించే అంకెకే విలువ.

మంచి మూత, సరైన కూలెంట్ ఉంటే 107 డిగ్రీలు భయంకరం కాదు. సగం నీళ్లు, సగం ఇథిలిన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలు గాలి పీడనంలోనే 107 దాటాక మరుగుతుంది, ఒక బార్ పీడనం మీద 125 డిగ్రీలు దాటుతుంది. ఓనరు నెలల తరబడి పోస్తూ వచ్చింది ఉట్టి నీళ్లు. మరిగే హద్దు దిగిపోయింది, తుప్పు ఆపే రసాయనాలు పలచబడ్డాయి.

హెడ్డు దించడం

పూర్తిగా చల్లారాకే పానా పట్టాలి. వేడిగా ఉన్న అల్యూమినియం హెడ్డు బోల్టులు వదులు చేస్తే అది వంగడానికి మనమే సాయం చేసినట్టు. బ్యాటరీ తీసి, కూలెంట్, ఆయిల్ దించి, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు వేరు చేశాను. ముందు కవరు తీసి, ఇంజిన్‌ను టీడీసీలో లాక్ చేసి, చైన్ లింకులకూ స్ప్రాకెట్లకూ గుర్తులు పెట్టి, టెన్షనర్‌కు పిన్ను గుచ్చి చైన్ తీశాను. ఈ భాగం ప్రతి ఇంజిన్‌లో వేరు. ఆ ఇంజిన్ మాన్యువల్ పక్కన లేకుండా మొదలుపెట్టకూడదు.

హెడ్డు బోల్టులు బిగించే వరసకు సరిగ్గా తిరగవేసి వదులు చేయాలి: బయటి మూలల నుంచి మధ్యకు, ఒక్కోటి కొంచెం కొంచెంగా, రెండు మూడు విడతల్లో. బోల్టులు తీసిన కొద్దీ హెడ్డు ఆకారం వేసిన అట్టముక్కలో వాటి వాటి చోట్లలో గుచ్చి ఉంచాను.

హెడ్డు అతుక్కుని రాకపోతే మధ్యలో స్క్రూడ్రైవర్ పెట్టి లేపడం చాలామంది చేసే పని. ఆ గీత మీదుగానే రేపు కూలెంట్ కారుతుంది. దానికని హెడ్డు పక్కన పొడుచుకొచ్చిన చోట్లు ఉంటాయి, అక్కడ చెక్కతో తట్టాలి. దించాక ముఖం కిందికి పెట్టి బల్ల మీద పడేయకూడదు, క్యామ్ నొక్కి ఉంచిన వాల్వులు బయటికి పొడుచుకుని ఉంటాయి, వంగిపోతాయి.

పాత గ్యాస్కెట్ చెప్పింది

తీసిన గ్యాస్కెట్‌ను వెంటనే చెత్తలో వేయను. బల్ల మీద పరిచి, హెడ్డునూ బ్లాకునూ పక్కన పెట్టుకుని మూడింటినీ కలిపి చదవాలి. మూడో సిలిండర్ చుట్టూ ఉన్న ఉబ్బు గీత దాటి, ఎగ్జాస్ట్ వైపు కూలెంట్ రంధ్రం దాకా నల్లటి మసి దారి కనిపించింది. అక్కడ రబ్బరు పూత అసలు లేదు, స్టీలు బయటపడింది. లీక్‌డౌన్ చెప్పిన చోటే.

గ్యాస్కెట్ కంటే హెడ్డు ముఖం ఎక్కువ చెప్పింది. దాని నిండా గుండ్రటి గీతలు. మొదటిసారి పాత పూత గీకడానికి గాలి మోటారుకు రాపిడి బిళ్ల తగిలించి తిప్పారు. చేతికి నున్నగానే అనిపిస్తుంది, కంటికి మెరుస్తుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపు లేని ఉక్కు బద్ద) పెట్టి, దాని కింద ఫీలర్ గేజ్ (కొలిచిన మందాల పలుచటి ఆకులు) దూర్చితే అసలు సంగతి బయటపడుతుంది. హెడ్డు పొడవునా 0.08 మిల్లీమీటర్ల వంపు ఉంది. మూడో సిలిండర్ దగ్గర బిళ్ల ఎక్కువసేపు ఆడిన చోట గుంటపడి, 0.10 ఆకు కూడా సులువుగా దూరింది. ఈ ఇంజిన్ మాన్యువల్ ఒప్పుకునేది 0.05 మాత్రమే. స్ట్రెయిట్ ఎడ్జ్‌ను పొడవు, వెడల్పు, రెండు మూలల వాలు, సిలిండర్ల మధ్య, అన్ని దిశల్లో పెట్టాలి. పొడవునా ఒక్కసారి పెట్టి వదిలేసి ఉంటే ఆ గుంట దొరికేది కాదు. బ్లాకు ముఖం అదృష్టవశాత్తూ 0.03 లోపే ఉంది.

గీతలు ఎందుకంత ప్రమాదమో అర్థం కావాలంటే ఒక చిన్న లెక్క వేయాలి. అల్యూమినియం వేడికి పోత ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. 400 మిల్లీమీటర్ల పొడవున్న హెడ్డు 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వెళ్తే సుమారు 0.7 మిల్లీమీటర్లు సాగుతుంది, అంతే పొడవున్న బ్లాకు సాగేది 0.35 దాకా. బోల్టులు ఎంత గట్టిగా పట్టినా ఆ తేడా ఎక్కడికో పోవాలి. హెడ్డు గ్యాస్కెట్ మీద జారుతుంది, చివర్లలో ఎక్కువ, మధ్యలో తక్కువ. ప్రతి స్టార్టుకూ ఒకసారి అటు, చల్లారినప్పుడు ఒకసారి ఇటు. ముఖం నున్నగా ఉంటే పూత మీద జారిపోతుంది. గరుకుగా ఉంటే ఆకురాయిలా పూతను గీకేస్తుంది. ఎమ్ఎల్ఎస్ గ్యాస్కెట్‌కు సాధారణంగా 0.8 మైక్రాన్లకు మించని గరుకుతనం అడగడానికి కారణాల్లో ఇదొకటి. పాత కాలపు గ్రాఫైట్, ఫైబర్ గ్యాస్కెట్లు మెత్తనివి, అంతకు రెండు మూడింతల గరుకుతనాన్ని కూడా తమలో ఇముడ్చుకునేవి. చేతి అలవాటు ఆ కాలంలోనే ఆగిపోయి, గ్యాస్కెట్ మాత్రం మారిపోతే ఇలా జరుగుతుంది.

పాడైన ఫ్యాన్ ఇక్కడ ఎలా కలిసిందో చూడండి. మామూలుగా ఇంజిన్ వేడెక్కాక ఒకే దగ్గర నిలుస్తుంది. ఇది 95కూ 107కూ మధ్య రోజంతా ఊగుతోంది. అంటే ఆ జారడం రోజుకు రెండు మూడుసార్లు కాదు, ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా. మొదటి గ్యాస్కెట్‌ను వేడి చంపింది. రెండోదాన్ని వేడి, గరుకుతనం కలిసి చంపాయి.

బోల్టుల సంగతీ ఉంది. ఇవి బిగించినప్పుడు సాగిపోయే రకం, ఒక్కసారే వాడాలి. పాతవే మళ్లీ వేశారు. కొత్త బోల్టు పక్కన పెట్టి కొలిస్తే అన్నీ పొడుగ్గా ఉన్నాయి, రెండింటికి మర పైన నడుము సన్నబడింది. అలాంటి బోల్టు కోణం ప్రకారం తిప్పినా పట్టు ఇవ్వదు, సాగుతూ పోతుంది అంతే.

రాపిడి బిళ్ల ఇంకో హానీ చేస్తుంది. దాని నుంచి రాలే అల్యూమినియం ఆక్సైడ్ పొడి చాలా గట్టిది, ఆయిల్‌లో కలిస్తే బేరింగులను గీస్తుంది. అందుకే సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కూడా దించి కడిగి, ఒక కనెక్టింగ్ రాడ్ మూత తీసి బేరింగ్ చూశాను. సన్నటి గీతలు ఉన్నాయి, గోటికి తగలడం లేదు. ఓనరుకు చూపించి, తర్వాత ఆయిల్ ప్రెషర్ కొలిచి నిర్ణయిద్దామని అలాగే ఉంచాం.

మెషీన్ షాప్

హెడ్డును నేరుగా ఫేసింగ్‌కు, అంటే ముఖాన్ని మెషీన్‌తో చదునుగా చెక్కడానికి పంపకూడదు. ముందు ప్రెషర్ టెస్ట్. కూలెంట్ దారులన్నీ మూసి, గాలి ఎక్కించి, వేడి నీళ్లలో ముంచి చూస్తారు. వేడి నీళ్లే ఎందుకంటే కొన్ని పగుళ్లు చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉంటాయి. పగిలిన హెడ్డుకు ఫేసింగ్ చేయిస్తే ఆ కూలి దండగ. ఈ హెడ్డుకు బుడగ రాలేదు, వాల్వు సీట్ల మధ్య కూడా శుభ్రం.

గుంట పోయేదాకా 0.15 మిల్లీమీటర్లు తీయాల్సి వచ్చింది. ఇలా తీసినప్పుడు రెండు విషయాలు లెక్కలోకి రావాలి. ఒకటి కంప్రెషన్ రేషియో. 75 మిల్లీమీటర్ల బోరుకు 0.15 అంటే మహా అయితే 0.66 సీసీ చోటు తగ్గుతుంది. సిలిండర్ 300 సీసీ, రేషియో 10 అనుకుంటే అది 10.2 దగ్గరికి వెళ్తుంది, సమస్య కాదు. రెండోది క్యామ్‌కూ క్రాంక్‌కూ మధ్య దూరం తగ్గి వాల్వు టైమింగ్ కొద్దిగా వెనక్కి జరగడం. ఈ కొలతలో అదీ పట్టించుకోనక్కర్లేదు. హెడ్డు కనిష్ఠ ఎత్తును మాత్రం పట్టించుకుని తీరాలి, అది దాటితే హెడ్డు మార్చడమే. ఫేసింగ్ ఎంత ఒప్పుకుంటారన్నది ఇంజిన్‌ను బట్టి ఉంటుంది. అసలు ఫేసింగే చేయకూడదని చెప్పే కంపెనీలు కూడా ఉన్నాయి.

డీజిల్ అయితే ఇక్కడ ఇంకో పని ఉండేది. చాలా డీజిళ్లలో పిస్టన్ బ్లాకు ముఖం దాటి పైకి పొడుచుకొస్తుంది. అది ఎంతో డయల్ గేజ్‌తో కొలిచి, దానికి తగ్గ మందం ఉన్న గ్యాస్కెట్ ఎంచుకోవాలి. ఆ మందాన్ని గ్యాస్కెట్ అంచున గాట్లు, రంధ్రాల లెక్కతో గుర్తిస్తారు.

బిగించడం

హెడ్డు మెషీన్ షాప్‌లో ఉండగా బ్లాకు శుభ్రం చేశాను. ప్లాస్టిక్ స్క్రేపర్, గ్యాస్కెట్ కరిగించే మందు, ఓపిక. బోర్లలో గుడ్డలు కుక్కి, ఆయిల్, కూలెంట్ రంధ్రాలు మూసుకుని. బిళ్లలు, వైర్ బ్రష్షులు దగ్గరికి రానివ్వలేదు. బోల్టు రంధ్రాల అడుగున కూలెంట్, ఆయిల్ చేరతాయి. వాటిని గాలితో ఊది, గుడ్డతో తుడిచి ఎండబెట్టాలి. అడుగు మూసుకున్న రంధ్రంలో ద్రవం ఉండగా బోల్టు దిగితే ఆ పీడనానికి బ్లాకు పగలొచ్చు. పగలకపోయినా టార్క్ రెంచ్ అబద్ధం చెబుతుంది, బోల్టు బిగియకుండానే క్లిక్ మంటుంది.

కొత్త గ్యాస్కెట్‌ను బ్లాకు మీద పరిచి చూసినప్పుడు ఒక చోట బ్లాకులో పెద్ద కూలెంట్ రంధ్రం, గ్యాస్కెట్‌లో దానికి చిన్న బెజ్జం కనిపిస్తుంది. తప్పు గ్యాస్కెట్ వచ్చిందేమో అనిపిస్తుంది. కాదు. వాటర్ పంపుకు దగ్గరున్న సిలిండర్లే నీళ్లన్నీ లాక్కోకుండా, చివరి సిలిండర్ దాకా కూలెంట్ చేరేలా ఆ బెజ్జాలతో ప్రవాహాన్ని పంచుతారు. దాన్ని పెద్దది చేసినవాళ్లను చూశాను. పైకి ఉండాల్సిన వైపు రాసి ఉంటుంది, చూసుకోవాలి. కుదురు పిన్నులు వాటి చోట ఉండాలి.

బాండ్ పూయాలా అని కుర్రాళ్లు అడుగుతూ ఉంటారు. ఎమ్ఎల్ఎస్‌కు అక్కర్లేదు, పూస్తే పూత పనిని అదే చెడగొడుతుంది. ముందు కవరు, బ్లాకు, హెడ్డు మూడూ కలిసే మూల దగ్గర మాన్యువల్ చెప్పిన చోట చుక్క సిలికాన్, అంతే. మిగతా అంతా పొడిగా, జిడ్డు లేకుండా.

బోల్టులు కొత్తవి. మరకూ, తల కిందా పలచగా ఇంజిన్ ఆయిల్. ఇది తప్పించుకోదగ్గ పని కాదు. మనం పెట్టే టార్క్‌లో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది, బోల్టును సాగదీసి హెడ్డును పట్టేది మిగిలిన 10 శాతం. రాపిడి కాస్త అటూ ఇటూ అయితే పట్టు ఎంతో మారిపోతుంది. కొత్త ఇంజిన్లలో చివరి బిగింపును టార్క్‌తో కాకుండా కోణంతో చెప్పేది అందుకే, కోణం రాపిడిని లెక్కచేయదు. ఈ ఇంజిన్‌కు మధ్య నుంచి బయటికి చుట్టుకుంటూ ముందు 20 న్యూటన్ మీటర్లు, తర్వాత 40, ఆపైన 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు. వేరే ఇంజిన్‌కు ఈ అంకెలు పనికిరావు. కోణాన్ని కంటి అంచనాతో కాదు, యాంగిల్ గేజ్‌తో చూడాలి. తిప్పుడు కూడా తెగిపోకుండా ఒకే లాగులో ఉంటే మంచిది.

పాత రకం గ్యాస్కెట్లకు ఇంజిన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించేవాళ్లం. వీటికి ఆ పని లేదు, చేయకూడదు.

చైన్ గుర్తుల ప్రకారం వేసి, టెన్షనర్ పిన్ను లాగి, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూశాను. ఎక్కడైనా తగిలి ఆగితే అక్కడే ఆగాలి. స్టార్టర్‌తో తిప్పి చూస్తే తప్పు వాల్వులు వంగాకే తెలుస్తుంది.

నింపడం, నడపడం

లీకు ఆపే మందు హీటర్ కోర్‌లో అడ్డుపడింది. రెండు వైపుల నుంచీ నీళ్లు వదిలి కడిగితే గోధుమరంగు ముద్దలు వచ్చాయి. రేడియేటర్‌నూ అలాగే కడిగాను. ఆ మందు రేడియేటర్‌లో సూది మొన బెజ్జానికి, ఇంటికి చేరడానికి పనికొస్తుందేమో. 50 బార్ పీడనాన్ని ఆపదు. ఆపలేనిచోట ఆగకుండా, అక్కర్లేని సన్నటి దారుల్లో ఆగుతుంది.

ఫ్యాన్ రెసిస్టర్, థర్మోస్టాట్ కొత్తవి. కొత్త ఆయిల్, ఫిల్టర్. సంప్ కడిగినా ఏ రేణువైనా మిగిలి ఉంటుందని, కొద్ది దూరం నడిచాక ఆయిల్, ఫిల్టర్ మళ్లీ మార్చాలని ముందే మాట్లాడుకున్నాం. కూలెంట్ తయారీదారు చెప్పిన రకం, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. వాక్యూమ్ పరికరంతో గాలి లాగి నింపాను. ఆ పరికరం లేకపోతే బండి ముందు భాగం ఎత్తి, హీటర్ పూర్తి వేడికి తిప్పి, గాలి స్క్రూ తెరిచి నింపాలి. హెడ్డులో గాలి బుడగ నిలిచిపోతే అక్కడి లోహాన్ని చల్లబరిచేది ఏమీ ఉండదు, కొత్త గ్యాస్కెట్ మొదటి రోజే దెబ్బతింటుంది.

ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్ తిప్పి, అప్పుడు స్టార్ట్ చేశాను. ఆయిల్ ప్రెషర్ మాన్యువల్ హద్దులోనే ఉంది, కాబట్టి బేరింగులు అలాగే ఉంచాం. మొదట చాలాసేపు తెల్ల పొగ వచ్చింది. సైలెన్సర్‌లో పాత కూలెంట్ మిగిలి ఉంటుంది, అది ఆరేదాకా అంతే, చూసి గుండె జారనక్కర్లేదు. అయితే నెలల తరబడి కూలెంట్ తాగిన ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సర్ దెబ్బతినే వీలుంది. ముందు సెన్సర్ నెమ్మదిగా పలుకుతోంది, మార్చాల్సి వచ్చింది.

మళ్లీ అవే పరీక్షలు. ఏసీ వేసి నిలబెడితే 96 దగ్గర ఫ్యాన్ నెమ్మది వేగం అందుకుంది, ఆపైన ఒకటి రెండు డిగ్రీలు దాటలేదు. నీలం ద్రావణం నీలంగానే ఉంది. లీక్‌డౌన్‌లో మూడో సిలిండర్ మిగతావాటి పక్కకు వచ్చేసింది. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి హోస్ పైపు పట్టుకుంటే మెత్తగా ఉంది. రెండోసారి ఆయిల్ మార్చడానికి వచ్చినప్పుడు కూలెంట్ గుర్తు దగ్గరే ఉంది, తీసిన ఫిల్టర్‌ను కోసి చూస్తే మెరుపు రేణువులు లేవు.

ఓనరుకు ఇచ్చిన కాగితంలో రెండు మాటలు అదనంగా రాశాను. హెడ్డు కనిష్ఠ ఎత్తుకు ఇంకా 0.05 మిల్లీమీటర్లే మిగిలింది కాబట్టి ఇకపై దీనికి ఫేసింగ్ కుదరదు, ఇంకోసారి వంగితే హెడ్డే మార్చాలి. కూలెంట్ ఎప్పుడైనా మళ్లీ తగ్గితే నీళ్లు పోయకుండా బండి తీసుకురావాలి.